కరపత్ర సంజీవని

మూలము: “ఆంధ్రా ఊటీ అరకులో, మేఘాల మధ్య, 2 రాత్రులు 3 పగళ్ళు! ఒక్కొక్కరికి కేవలం రూ. 9,999 నుంచి*. త్వరపడండి, కొద్ది గదులే మిగిలాయి. *షరతులు వర్తిస్తాయి.”

అవతారిక. ఇది కర్త ఎవరో తెలియని గద్యం. చలికాలం దగ్గరపడగానే ఫోన్లలోకీ, పేపరు మడతల్లోంచి గుమ్మాల్లోకీ రాలే విహారయాత్రల ప్రకటనలన్నిటినీ కాచి వడబోస్తే మిగిలే వాక్యం. ఊరు మారవచ్చు, ధర మారవచ్చు, అన్వయం మారదు. మెదక్ దగ్గరి కొల్చారం వాడని మనం గర్వంగా చెప్పుకునే మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టుపెట్టుకున్నాడు. ఈ మూలం దగ్గర ఆ ఒట్టు చెల్లదు. ఇందులో అక్కరలేనిది పెద్ద అక్షరాల్లో ఉంది, అక్కరైనది మూలంలోనే లేదు.

“ఆంధ్రా ఊటీ అరకు” అన్నచోట అలంకారమేదో ముందు తేలాలి. ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు. అరకు ఉపమేయం, ఊటీ ఉపమానం, ఇంతవరకు పేచీ లేదు. ‘వలె’ అన్న వాచకం లేదు. పోలిక చల్లదనంలోనా, పచ్చదనంలోనా, గది అద్దెలోనా అన్న సమానధర్మమూ లేదు. కనుక ఇది లుప్తోపమ అని ఒక పక్షం. అరకే ఊటీ అని అభేదం చెప్పాడు కాబట్టి రూపకమని ఇంకో పక్షం. ఉత్త అతిశయోక్తి అని మూడో పక్షం, ఇది బిల్లు కట్టి తిరిగివచ్చినవారిది. ఏ పక్షమైనా ఒకటి ఒప్పుకోక తప్పదు. ఉపమేయం కంటే ఉపమానం ప్రసిద్ధమూ అధికమూ అయి ఉండాలని ఆలంకారికుల నియమం. అంటే సరుకును పొగడబోయిన వ్యాపారి, నోరు తెరిచిన మొదటి రెండు మాటల్లోనే అది రెండో రకమని చెప్పేశాడు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నది నగలకే కాదు, ఊళ్ళ పేర్లకూ వర్తిస్తుందనీ, అరువు పేరుతో అమ్మితే గిరాకీ వస్తుంది గానీ ఊరు నకలు ధరకే పోతుందనీ ఈ టీకాకారుడి మతం.

లక్షణ దోషాలు మూడింటిలో రెండు ఈ బిరుదులో వెతక్కుండానే దొరుకుతాయి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌నూ ఆంధ్రా ఊటీ అనే అంటారు, కనుక అతివ్యాప్తి. ఏనుగు మల్లమ్మ కొండ అన్న నిండైన పేరున్న ఆ కొండకు, అక్కడ వేసవి బంగళా కట్టుకున్న కడప కలెక్టరు పేరొకటి తగిలించి, దాని మీద ఊటీ బిరుదు కప్పారు. వికారాబాదు పక్కన అనంతగిరి తెలంగాణ ఊటీ అయింది; హైదరాబాదు మధ్యనుంచి పారే మూసీ పుట్టేది ఆ కొండల్లోనే అన్న సంగతి ఎక్కడో అడుగున పడింది. ఇక అవ్యాప్తి. ఊటీ ఎత్తు దాదాపు 2,240 మీటర్లు, అరకు లోయ 900 మీటర్ల పైచిలుకు. మే నెలలో ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు, చొక్కా చెబుతుంది. పోనీ ఊటీ అయినా మూలవిరాట్టా? కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కాడు. తర్వాత తోడా గిరిజనుల పచ్చికబయళ్ళ నడుమ రాతి బంగళా కట్టాడు, చెరువు కట్టించాడు, సీమ కూరగాయలు పండించాడు. ఇంటి బెంగ తీర్చుకోవడానికి దొరలు చేసుకున్న ఇంగ్లండు బొమ్మ అది. అరకు ఊటీ వంటిది, ఊటీ ఇంగ్లండు వంటిది, ఇంగ్లండు దేని వంటిదో కరపత్రకారుడు చెప్పలేదు. తార్కికులు దీన్ని అనవస్థ అంటారు.

గండికోట విషయంలో పోలిక మొదటి అడుగులోనే ఓడిపోయింది. దానికి ‘గ్రాండ్ కెనియన్ ఆఫ్ ఇండియా’ అని బిరుదు. అమెరికాలోని ఆ లోయ లోతు మైలు పైమాటే; ఎర్రమల కొండల్ని పెన్న కోసిన గండి లోతు వందల అడుగుల్లో ఉంటుంది. లోతు తక్కువైతే గండికోటకు పోయేదేమీ లేదు. పోయేది వేరే ఉంది. ఆ పేరు విని వచ్చినవాడు అంచున నిలబడి ఫొటో దిగి, పని అయిపోయిందని కారెక్కుతాడు. వెనకాల కోటలో ధాన్యాగారం ఉంది, మాధవరాయ ఆలయం ఉంది, జామా మసీదు ఉంది. పెమ్మసాని నాయకుల చరిత్ర ఉంది. గ్రాండ్ కెనియన్‌లో ఇవేవీ లేవు కాబట్టి చూడవలసిన జాబితాలో ఇవి వెనక్కి పోయాయి. ఉపమానంలో లేనిది ఉపమేయంలో ఉన్నా కనపడదు.

బిరుదు చూపునే కాదు, కాలాన్నీ కత్తిరిస్తుంది. చింతపల్లి మండలంలోని లంబసింగిని ఆ చుట్టుపక్కల కొర్రబయలు అనడం కద్దు. ప్రకటనల్లో అది ఆంధ్రా కాశ్మీర్. కాశ్మీరమన్నాక చలి కావాలి. కనుక జనం డిసెంబరు, జనవరి వారాంతాల్లో, అదీ తెల్లవారుజామునే, ఒక్కసారిగా ఎగబడతారు. దిగేది పొగమంచైతే, వీడియోలో చూసిన హిమపాతం ఏదని అడిగేవారూ ఉంటారు. ఏడాది పొడుగునా కట్టవలసిన జీతాలూ, బ్యాంకు వాయిదాలూ ఆ కొద్ది వారాంతాల్లోనే రాబట్టుకోవాలి గనక గది అద్దె చుక్కల్లో ఉంటుంది. ఇందులో యజమాని దురాశ కంటే బిరుదు తప్పే ఎక్కువ. వానాకాలంలో అరకు దారిలోని కటికి జలపాతం నిండుగా దూకుతుంది. వేసవి మొదట్లో వాన జల్లు పడ్డాక కాఫీ తోటలు తెల్లగా పూసి మల్లెల్లా గుబాళిస్తాయి. ఇవి ఊటీ పోలికలోనూ లేవు, కాశ్మీరు పోలికలోనూ లేవు, కాబట్టి వీటికి ప్యాకేజీలు అంతంతమాత్రం.

ఇక్కడ పూర్వపక్షం. తెలియనిదాన్ని తెలిసినదానితోనే కదా చెప్పాలి, ఊటీ అనకపోతే కొత్తవాడికి అరకు ఎలా తెలుస్తుంది? న్యాయమైన ప్రశ్నే. అయితే అది మొదటి పరిచయానికి చాలు. దశాబ్దాలుగా తెలుగు సినిమాల్లో కనిపిస్తున్న లోయను ఇంకా పరిచయం చేస్తూనే ఉండడం మర్యాద కాదు. మరి మన పెద్దలు చేసిందేమిటి, వేములవాడ దక్షిణ కాశి కాదా, దాక్షారామం దక్షిణ కాశి కాదా అని రెండో ప్రశ్న వస్తుంది. ఇది కొంచెం గట్టిది. శ్రీనాథుడు భీమఖండంలో వ్యాసుణ్ణి కాశీ నుంచి వెళ్ళగొట్టించి దాక్షారామానికి తెచ్చాడు, నిజమే. కానీ అక్కడికి తెచ్చాక కాశీ గంగను వర్ణిస్తూ కూర్చోలేదు. గోదావరినీ, భీమేశ్వరుణ్ణీ, ఆ సీమనూ చెప్పాడు. పోలిక అక్కడ గుమ్మం వరకే. పైగా క్షేత్రమాహాత్మ్యం ఇచ్చిన హామీ పుణ్యం, దాని కొలత చూసి వచ్చినవారెవరూ లేరు. కరపత్రం ఇచ్చే హామీ చలి, దాన్ని థర్మామీటరు కొలుస్తుంది. అసలైన యాత్రా గ్రంథం ఎలా ఉంటుందో చూడాలంటే ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, ఒక్కొక్క మజిలీలో నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దారి ఎలా ఉంది అని రాసుకుంటూ పోయాడు. ఏ ఊరినీ ఇంకో ఊరి తమ్ముణ్ణి చెయ్యవలసిన అవసరం ఆయనకు రాలేదు.

మూడో ఆక్షేపణ బతుకుతెరువుది. పేరు ఏదైతేనేం, నాలుగు కార్లు వస్తే వెదురు బొంగులో కోడి కాల్చి అమ్మేవాడికీ, జీపు తోలేవాడికీ నాలుగు డబ్బులు రావడం లేదా? వస్తున్నాయి, కాదనలేం. అయితే ఊటీ అని పిలిస్తే వచ్చినవాడు ఊటీ సరంజామానే అడుగుతాడు. స్విస్ టెంటు, ఈత కొలను, డీజే పాటల క్యాంప్‌ఫైర్. ఆ మంట పక్కన గిరిజనుల థింసా నృత్యం అరగంట పద్దు. పెట్టుబడి ఉన్నవాడికే ఇవన్నీ సాధ్యం. ఎదురు ఉదాహరణ కోసం అరకు పొలిమేర దాటనక్కర్లేదు. గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగెల పక్కన పండించే కాఫీని ఎవరూ ఆంధ్రా బ్రెజిల్ అనలేదు. అరకు అన్న పేరుతోనే 2017లో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే లోయ, అదే మట్టి, అదే పేరు. కాఫీ సొంత పేరుతో సముద్రం దాటితే, పర్యాటకం ఊటీ చెయ్యి పట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. వలిసె పూలదీ ఇదే కథ. చలికాలం మొదట్లో పచ్చగా విరబూసే ఆ నూనెగింజ పంటలో ఫొటో దిగేవారి దగ్గర కొన్నిచోట్ల రైతులు కొద్దిపాటి రుసుం తీసుకుంటారు. ఈత కొలను కట్టకుండానే పర్యాటకుడి డబ్బు నేరుగా దున్నినవాడి చేతికి వస్తోంది.

“మేఘాల మధ్య” అన్నది స్వభావోక్తి, పైకెక్కే ఓపికా అదృష్టమూ ఉంటే నిజమే. “2 రాత్రులు 3 పగళ్ళు” అన్నచోట కాస్త గణితం కావాలి. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే నాలుగు గంటల్లో అరకు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకూ, అక్కడినుంచి జపానుకూ చేర్చడానికి 1960లలో వేసిన దారి ఇది. 2017 నుంచి దీనిమీద అద్దాల పెట్టె నడుస్తోంది. గది తాళం ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి, మూడో రోజు ఖాళీ చెయ్యవలసింది పదకొండింటికి. మొదటి పగలు రిసెప్షన్ సోఫాలో సూట్‌కేసుల మధ్య సగం గడుస్తుంది, మూడోది టిఫిను కాగానే ముగుస్తుంది. మూడు పగళ్ళలో నిఖార్సైనది ఒకటే.

“నుంచి” అన్నది అపాదానార్థకం. దేన్నుంచి విడిపోతామో దానికి పంచమి వస్తుంది. ఇక్కడ విడిపోయేది యాత్రికుడు, తన డబ్బు నుంచి. ఆ అంకె వర్తించేది ఇద్దరు కలిసి ఉండే గదికి, సీజను కాని మంగళవారానికి. “త్వరపడండి” అన్నది విధ్యర్థకం. లేని తొందర పుట్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ప్రకటించిన 13 రకాల మోసపు పోకడల్లో చేర్చింది. ముందు ఒక ధర చూపి చివర్లో ఇంకోటి లాగడమూ ఆ పట్టికలో ఉంది. ఇక నక్షత్రం, దాని కింది షరతులు. వాక్యమంతటికీ ప్రధాన క్రియ “వర్తిస్తాయి” అన్నదే, మిగతావన్నీ దానికి విశేషణాలు. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెబితే షరతూ ఆ భాషలోనే, అవే అక్షరాల్లో ఉండాలని అదే సంస్థ 2022 మార్గదర్శకాల్లో ఉంది. ఆ నియమం ప్రకారం పాఠం పరిష్కరించి అచ్చువేస్తే, కరపత్రంలో మేఘాలకు చోటు మిగలదు.