విశ్రాంతి తీసుకోండి, పోయేదేముంది!

ఒళ్లు అలసిందంటే విశ్రాంతి తీసుకోమనడం పైసా ఖర్చు లేని సలహా. చీటీ రాసే డాక్టరూ, చూడ్డానికొచ్చిన చుట్టమూ ఒకే మాట మీద ఉండే సందర్భం ఇదొక్కటే. నడుము వాలిస్తే చాలు, మనసు దానంతటదే కుదుటపడుతుందన్నది ఇందులోని సిద్ధాంతం. శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు ఊళ్లలో ఇది రోజూ పరీక్షకు కూర్చుని, రోజూ తప్పుతోంది.

ధర్మవరంలో సెలవిచ్చేది వాన. పట్టుచీరలు నేసే మగ్గాలు చాలావరకు ఇళ్లలోనే, నేలలో తవ్విన గుంతల మీద ఉంటాయి. ముసురు పట్టిందంటే గుంతలో నీరు ఊరుతుంది, తేమకు పోగులు మాట వినవు, నాడె ఆగుతుంది. కాళ్లు చాపుకుని హాయిగా ఉండాల్సిన నేతన్న ఆ నీళ్లు చెంబుతో తోడిపోస్తూ, చీర దిగితే తప్ప చేతికి రాని కూలి గురించి, పెరిగిన అప్పు గురించి లెక్కలేస్తుంటాడు. పడుకుంటే తలాపునే మగ్గం. ఆఫీసు పని ఇంటికి తేవద్దని బోధించే నిపుణులు, పని చోటే ఇల్లయినవాడి సంగతి ఇంకా ఆలోచించలేదు.

చోటు మారితే సేద తీరుతుందనేవాళ్లు పెనుకొండ చరిత్ర చదవాలి. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర పాలకులు ఇక్కడికే మకాం మార్చారు. బీజాపూర్ సేనలు ఇక్కడికీ వచ్చాయి. ఇప్పుడు ఈ ఊరికి పక్కనే, ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. చుట్టూ అనుబంధ పరిశ్రమలు వెలిశాయి. ఇలాంటి చోట్ల రాత్రి షిఫ్టు దిగినవాడికి పగలంతా పడకే. అయితే వెలుతురు పడగానే నిద్ర తెచ్చే మెలటోనిన్ తగ్గుతుంది, ఒంటి వేడి పెరుగుతుంది. పగటి నిద్ర పలుచగా పట్టి తొందరగా తెగుతుంది. మిగతా పని కూరగాయల బండి మైకు చూసుకుంటుంది.

హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టే ఆడవాళ్లకు ఆదివారం సెలవు. ఆ రోజు వారం బట్టలు ఉతకాలి, దోసెల పిండి రుబ్బాలి, వచ్చినవాళ్లకు సంగటి కెలకాలి. సాయంత్రానికి ఇంట్లో అందరూ సేదతీరి ఉంటారు, ఆమె తప్ప. “ఈరోజు సెలవే కదా, ఇంకా నీరసమేంటి?” అని అడిగేది కూడా వాళ్లే.

2007లో సోన్నెంటాగ్, ఫ్రిట్జ్ అనే మనస్తత్వ పరిశోధకులు మనిషి తేరుకోవడానికి తోడ్పడే అనుభవాలను నాలుగుగా విడదీశారు: పని ధ్యాస నుంచి బయటపడటం, ఒళ్లూ మనసూ సడలడం, కొత్తది నేర్చి పట్టు సాధించడం, తీరిక వేళ తన చేతిలో ఉండటం. నడుము వాల్చినంత మాత్రాన ఈ నాలుగూ సమకూరవు. అవి సమకూరాలంటే వాన రోజులకూ కూలి గిట్టాలి, షిఫ్టు ఎప్పుడు మారేదీ ముందే తెలియాలి, ఆదివారం గిన్నెల దగ్గరికి మగవాళ్లూ రావాలి. ఇవేవీ సలహా ఇచ్చినంత సులువు కాదు. అందుకే సలహాలకు మాత్రం ఏనాడూ సెలవుండదు.