కంప్యూటరుకు కరెంటు: వినకూడని ఆరు సలహాలు

పిల్లల చదువుకనో, ఇంటినుంచి ఉద్యోగానికనో జంగారెడ్డిగూడెంలో చాలా ఇళ్లకు కంప్యూటరు, ప్రింటరు చేరాయి. వాటి వెంటే సలహాలూ వస్తాయి. మంచికోరి చెప్పేవే, కానీ కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. చెవిన పెట్టకూడనివి ఇవి.

1. "సీపీయూ డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటోందా? చెప్పులేసుకోండి."
ఆ జిల్లు ఎర్త్ అందడం లేదన్న హెచ్చరిక. పవర్ సప్లైలోని ఫిల్టర్ ద్వారా ఇనుప డబ్బాకు కొద్దిగా కరెంటు చేరుతుంది. ఎర్త్ ఉంటే నేలలోకి పోతుంది, లేకపోతే ముట్టుకున్నవాళ్ల ఒంట్లోంచి పోతుంది. కొల్లేరు వైపు నేలకు తడి ఉంటుంది. మనది మెట్ట, ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదు. ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండండి, ఎలక్ట్రీషియన్‌తో ఓసారి కొలిపించండి.

2. "ఎర్త్ లేకపోతే సాకెట్లోనే న్యూట్రల్‌కి కలిపేయండి."
అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. దారిలో న్యూట్రల్ తెగితే 230 వోల్టులూ డబ్బా మీదికే వస్తాయి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండిటికన్నా పొడవు. అది ముందు తగిలి, చివర ఊడాలనే అలా చేశారు. దాన్ని విరవకండి. ప్లగ్గు లేకుండా వైర్లను సాకెట్లో అగ్గిపుల్లలతో బిగించకండి.

3. "ప్రింటర్ని కూడా యూపీఎస్‌కే పెట్టండి."
లేజర్ ప్రింటరైతే వద్దు. కాగితం మీద పొడిని కరిగించే రోలరు వేడెక్కేటప్పుడు చాలా మోడళ్లు 800 వాట్లు దాటి లాగుతాయి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లు. ప్రింటర్ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. ఇంక్ ప్రింటర్ని గోడ స్విచ్‌తో కాక దాని బటన్‌తోనే ఆపండి. అప్పుడే హెడ్ మూతపడి ఇంకు ఎండదు.

4. "ఫ్యూజు మాటిమాటికీ పోతోందా? లావు తీగ వేయండి."
అప్పుడు ఫ్యూజుకు బదులు గోడలోని వైరు కాలుతుంది. లోడు తగ్గించండి, సరైన ఎంసీబీ పెట్టించండి. షాక్ నుంచి కాపాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఉండాలి.

5. "స్పైక్‌గార్డ్ ఉందిగా, పిడుగు పడినా భయం లేదు."
దగ్గర్లో పిడుగు పడితే అది ఆపలేదు. ఎర్త్ లేకపోతే మామూలు స్పైకులకు కూడా సరిగా పనిచేయదు. ఉరుములు దగ్గరపడకముందే ప్లగ్గులు, నెట్ కేబులు ఊడదీయండి. మొదలయ్యాక మాత్రం వాటి జోలికి పోకండి.

6. "కరెంటు వచ్చింది, వెంటనే ఆన్ చేయండి."
ఈదురుగాలికి స్తంభం మీద న్యూట్రల్ తెగితే ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. లైట్లు మామూలుకన్నా తెల్లగా వెలిగినా, ఫ్యాను జోరందుకున్నా వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి. గాలివాన తర్వాత వెలుగు నిలకడగా ఉందో లేదో పది నిమిషాలు చూశాకే కంప్యూటరు పెట్టండి.

కొత్త ప్రింటరు కొనేముందు ఇంటి ఎర్త్ చూపించండి. ఎర్త్ సరిగా లేని ఇంట్లో ఎంత ఖరీదైన యూపీఎస్ పెట్టినా షాక్ నుంచి మీ పిల్లల్ని కాపాడలేదు.