ముఖం చూసి పెట్టిన బువ్వ

ఈమధ్య అంగన్‌వాడీలో పిండి ప్యాకెట్టు చేతికి రావాలంటే ముఖం చూపించాలట. మనిషికి కాదు, ఫోనుకు. ఇంటికి ఇచ్చే సరుకులకు ఈ ముఖ గుర్తింపును 2025 జులై 1 నుంచి దేశమంతటా తప్పనిసరి చేశారు. బాలింత వచ్చి నిలబడాలి, టీచరు ఫోను ఎత్తిపట్టాలి, కళ్ళు ఆర్పమనాలి, యాప్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతే సిగ్నల్ కోసం ఇద్దరూ వేపచెట్టు దాకా నడవాలి. ఒడిలో బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ ముఖం చూసే తీరిక మాత్రం అక్కడ ఎవరికీ లేదు.

మా రోజుల్లో ఉద్యోగమంటే ముఖాలు చూడడమే. జుట్టు రాగిరంగుకు తిరిగిందా, పెదాల మూలలు పగిలాయా, కనుగుడ్డు మీద తెల్లమచ్చ ఉందా, పాదం మీద వేలు నొక్కితే గుంట అట్లాగే నిలిచిపోతోందా? ఇవి చూసి, ఆ గిన్నెలో ఇంకో అరగరిటె వెయ్యమని ఆయమ్మకు కంటిసైగ చేసేదాన్ని. ఆ అరగరిటెకు ఏ రిజిస్టర్లోనూ గడి ఉండేది కాదు. నన్నడిగితే, అందుకే అది సరిగ్గా చేరాల్సిన గిన్నెకే చేరేది.

అనంతపురం జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా చేసి రిటైరైనదాన్ని. ఈ అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తమ్మీద 33 బ్లాకుల్లో మొదలైంది. అప్పట్లో మెట్రిక్ పాసైన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, పాసవకపోతే 100, ఆయమ్మకు 35. దాన్ని జీతమనకూడదు, గౌరవ వేతనమనాలి. జీతమంటే పింఛను అడుగుతారని భయం కాబోలు. నేను చేరేసరికి అంకెలు కొంచెం పెరిగాయి గానీ గౌరవం అంతే ఉంది. సెంటరంటే రచ్చబండ పక్క గదో, గుడి వసారానో, లేదంటే టీచరమ్మ ఇంటి పంచే.

తిండి సంగతి చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. కేర్ సంస్థ సంచులొచ్చేవి. వాటి మీద రెండు చేతులు కరచాలనం చేస్తున్న బొమ్మ, అమ్మకూడదని ఇంగ్లీషులో రాత. లోపల మొక్కజొన్న సోయా కలిపిన పిండో, గోధుమ నూకో ఉండేది. దాంతోపాటు డబ్బాల్లో నూనె. అమెరికా నుంచి ఓడెక్కి, రైలెక్కి, లారీ దిగి, ఎడ్లబండి మీద మా పల్లెకు చేరేసరికి పిండికి ఒక వాసన పట్టేది. పురుగుంటే జల్లెడ పట్టేవాళ్ళం. జల్లించాక మిగిలినదాన్ని నూనెలో దోరగా వేయించి ఉప్పో బెల్లమో వేసి ఉడికిస్తే ఘుమఘుమలాడిపోయేదని చెప్పను. కానీ ఆకలిమీదున్న పిల్లాడు గిన్నె నాకేవాడు. సంచులు కూడా ఊరికే పోలేదు. మా సెంటర్లో పిల్లలు కూర్చున్న పట్టాలు, కిటికీ తెరలు, కొందరు పిల్లల లాగులు అన్నీ ఆ కరచాలనం బొమ్మవే. నూనె డబ్బాల్లో తులసి మొక్కలు పెరిగాయి. డబ్బాలో నూనె కూడా కొన్ని ఇళ్ళకు నడిచిపోయేదని తెలుసు, తెలియదని ఎందుకనాలి?

ఇందులో నాకు కడుపుమంట ఒకటుంది. మా జిల్లా అంటే శెనక్కాయల జిల్లా. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఎప్పుడో ఒక మిశ్రమం తయారుచేసి పెట్టారు, హైదరాబాద్ మిక్స్ అని. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శెనగలు 16, వేయించిన శెనక్కాయ విత్తనాలు 10, బెల్లం 20. అంతే. అన్నీ కలిపితే 86 గ్రాములు, 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. అప్పట్లో పిల్లాడికి రోజుకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలన్నది సర్కారు లెక్క. అంటే ఆ లెక్క మొత్తం మా ఊరి కొట్లో దొరికే నాలుగు దినుసుల్లో ఉంది. ఏ ఇంటి తిరగలి అయినా దాన్ని విసిరేది. శిక్షణలో ఆ మిశ్రమం గురించి నోటుబుక్కుల్లో రాయించారు, పరీక్ష కూడా పెట్టారు. సెంటరుకు మాత్రం ఓడలో వచ్చిన పిండే వచ్చింది. కళ్ళాల్లో శెనక్కాయలు ఆరబోసుకున్న ఊళ్ళో పురుగు పట్టిన పిండిని జల్లెడ పట్టిన ఆడవాళ్ళం మేము. 2000 దాటాక కేర్ సరుకు మెల్లగా తగ్గుతూ ఆగిపోయింది. హైదరాబాదు నాచారంలోని ప్రభుత్వ ఫ్యాక్టరీ నుంచి ప్యాకెట్లు రావడం పెరిగింది. తిరగలి అప్పుడూ గుర్తుకు రాలేదు, ఎవరికీ.

అన్నం వండి పెట్టడమంటే వంట ఒక్కటే కాదు. ఎవరు వండారన్నది ముందొచ్చేది. మా సెక్టారులో ఒక ఊళ్ళో ఎస్సీ కాలనీ నుంచి వచ్చినావిడను ఆయమ్మగా తీసుకుంటే, పై వీధి పిల్లలు గిన్నెలు చంకన పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. తల్లులు మాత్రం సాయంత్రం మెల్లిగా వచ్చి, 'పచ్చి పిండి అయితే ఇయ్యండి మేడమ్, మేం ఇంట్లో చేసి పెట్టుకుంటాం' అన్నారు. ఇవ్వనన్నాను. ఇక్కడ కూచుని తింటేనే ఇస్తానన్నాను. గొడవైంది, సర్పంచి పిలిపించాడు. ఆ చాప నిండడానికి చాలా కాలం పట్టింది, అదీ పూర్తిగా నిండలేదు. కానీ ఆకలేసిన పిల్లాడికి వీధుల లెక్క తెలియదు గనుక మొదట వాళ్ళే పాకుతూ వచ్చారు. ఇప్పుడు మూడేళ్ళలోపు వాళ్ళకు ప్యాకెట్టు ఇంటికే వెళ్తుంది. పై వీధి వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. ప్లాస్టిక్ కవరుకు కులం లేదు కదా! ఈ సౌకర్యాన్ని ఏ నివేదికలోనూ రాయరు.

దొంగ లెక్కలు ఆ రోజుల్లోనే ఎక్కువని ఇప్పటి అధికారులు అంటారు. ఉండేవి, బాగానే ఉండేవి. ఊరి జాతర రోజు కూడా ఫీడింగ్ రిజిస్టర్లో నూటికి నూరు మంది హాజరు! పట్టుకోవడానికి సర్వర్లేమీ అక్కర్లేదు. పొయ్యిలో చెయ్యి పెట్టి చూస్తే బూడిద వెచ్చగా ఉందో లేదో తెలుస్తుంది. కడిగి బోర్లించిన గిన్నెలు తడిగా ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి? బయట ఆడుకునే పిల్లాణ్ణి పిలిచి 'ఈరోజు ఏం తిన్నావురా' అంటే వాడు అబద్ధమాడడు. అయిదు నిమిషాల పని. దానికి సూపర్‌వైజరు బస్సెక్కి, దిగి, పొలం గట్టున నడిచి ఊరికి పోవాలి, అంతే. ఇప్పటి తనిఖీ మీటింగు హాల్లో తెర మీద రంగులు చూసి జరుగుతుంది.

బరువు తూచడం పండగలా ఉండేది. దూలానికి సాల్టర్ కాటా వేలాడదీసి, గుడ్డ లాగులో బిడ్డను కూర్చోబెట్టి కొక్కేనికి తగిలిస్తే, వాడు గాల్లో ఊగుతూ ఊరంతా వినపడేలా ఏడ్చేవాడు. ఆ ఏడుపుకు వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చేవాళ్ళు. చార్టులో చుక్క పెట్టి తల్లికి చూపించేవాళ్ళం. గీత పైకి పోతోందా, అడ్డంగా పోతోందా అన్నది అక్షరం రాని తల్లికి కూడా అర్థమయ్యేది. మూడో గ్రేడు, నాలుగో గ్రేడు పిల్లలకు డబుల్ రేషన్. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులొచ్చి గ్రేడులు పోయాయి; ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగులొచ్చాయి. ఎత్తు కొలిచే బల్లలూ ఇచ్చారు. అది మంచి పనే, మేము ఎత్తు సంగతి పట్టించుకున్నది తక్కువ. కానీ ఆ గీత ఇప్పుడు ఫోన్లో ఉంది. తల్లి చేతిలో లేదు.

మా మేనకోడలు ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. దానికి రాష్ట్రం యాప్ ఒకటి, కేంద్రం యాప్ ఒకటి. కేంద్రానిది పోషణ్ ట్రాకర్, 2021లో వచ్చింది. ఒకే బిడ్డను రెండుచోట్ల ఎక్కించాలి. పేరు నమోదుకు ఆధార్, ఆధార్‌కు ఓటీపీ. ఓటీపీ వచ్చే ఫోను బిడ్డ తండ్రి దగ్గర, తండ్రేమో బెంగుళూరులో సెంట్రింగు పనిలో. మా జిల్లాలో సగం ఇళ్ళ కథ ఇదే. మొన్నొకరోజు అది ఫోన్ చేసింది.

'అత్తా, ఒక అవ్వ వచ్చింది, కోడలు పుట్టింటికి పోయిందంట. అవ్వ ముఖం తీసుకోలేదు యాప్. ఏం జేయల్ల?'

'ఇచ్చి పంపియ్యి, రాసుకో.'

'రాసుకునేదానికి పుస్తకమేదీ అత్తా? ఫోన్లో పడకపోతే ఇచ్చినట్టు కాదు. రేపు స్టాకు తేడా వస్తే నా మీదికొస్తుంది.'

ఆ అవ్వను ఊరంతా ఎరుగుదురు. టీచరు పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లోనే ఉంది. ఆ ప్యాకెట్టు ఎవరి ఇంటికి పోతుందో తెలియని మనిషి ఆ వీధిలో లేడు, ఫోను తప్ప. ఇక పూర్వప్రాథమిక పిల్లలకు వడ్డించేటప్పుడు ఫోటో తీయాలి. గిన్నెల ముందు కూచున్నాక 'ఆగండ్రా, ఫోటో పడనీ' అంటే మూడేళ్ళవాడు ఆగుతాడా? సగం ఫోటోల్లో వాళ్ళ నడినెత్తులే కనిపిస్తాయట.

ఇంతకీ తిండి బాగుపడలేదా అంటే బాగుపడింది, ఒప్పుకుంటాను. దానికి యాప్ కారణం కాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న గట్టిగా చెప్పింది, ప్రతి పిల్లాడికీ అంగన్‌వాడీ తిండి అందాలని. పోషకాహార సరఫరాలో కాంట్రాక్టర్లు వద్దని 2004లో మళ్ళీ చెప్పింది. 2009లో 300 కేలరీల లెక్కను 500కు పెంచారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2013లో గర్భిణులకు ఒకపూట పూర్తి భోజనం మొదలైంది, తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి. అన్నం, పప్పు, గుడ్డు, పాలు. గుడ్డు మా రోజుల్లో చార్టు మీద బొమ్మ. చుట్టూ క్యారెట్టు, ఆకుకూర, చేప కూడా ఉండేవి. బొమ్మ చూపించి 'ఇది తినాలమ్మా' అని చెప్పి పిండి పెట్టేదాన్ని. ఇప్పుడు గుడ్డు నిజంగా గిన్నెలో ఉంది. నిండు గర్భిణులు వరసగా కూచుని తినడం నేను కళ్ళారా చూశాను. ఇంట్లో అందరికీ పెట్టి ఆఖర్న అడుగంటింది తినే కోడలు, ఇక్కడ ముందు తింటుంది. అత్తగారికి నచ్చదు, అదే దాని గొప్పతనం.

అందుకే ఇంటికిచ్చే పద్ధతి మీద నా పేచీ. 2020లో కరోనాకు సెంటర్లు మూసి సరుకులు ఇళ్ళకు పంపారు, అది తప్పని పరిస్థితి. అలవాటైతేనే కష్టం. మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్టు రెండున్నర కిలోలు. రోజుకు 100 గ్రాముల చొప్పున పాతిక రోజులు బిడ్డకు రావాలి. తియ్యగా, కమ్మగా ఉంటుంది. ఇంట్లో పెద్ద పిల్లలున్నారు, ముసలాళ్ళున్నారు. వారం తిరక్కుండా అడుగు కనిపిస్తుంది. తల్లిని ఏమంటాం? నలుగురు చూస్తుంటే ఒక్కరికే పెట్టడం ఏ తల్లికి చేతనవుతుంది? బిడ్డ మన కళ్ళముందు తింటే అది బిడ్డ తిండి. గడప దాటితే అది ఇంటి తిండి. ముఖ గుర్తింపు గడప దాకే వస్తుంది, ఆ తర్వాత ఎవరు తిన్నారో చెప్పే యాప్ ఇంకా రాలేదు. వస్తుందేమో, ఆశ్చర్యం లేదు.

ఇవన్నీ మోసేది మళ్ళీ ఆ టీచరూ ఆయమ్మా, ఇద్దరు ఆడవాళ్ళే. ఆంధ్రలో 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగినప్పుడు టీచరు గౌరవ వేతనం 11,500. సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. కొన్నిచోట్ల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో సెంటర్లు తెరిపించారు. వాళ్ళకు పప్పు ఎంతసేపు ఉడుకుతుందో తెలిసిందో లేదో! గ్రాట్యుటీ వీళ్ళకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లోనే చెప్పింది. చెప్పినదాన్ని అమలు చేయమని ఆడవాళ్ళు ఎండలో కూచోవాల్సి వచ్చింది.

ఇంకో లెక్క కూడా చెప్పేస్తాను, నాకు అంకెలు బాగానే గుర్తుంటాయి. పిల్లాడి తిండికి రోజుకు ఇంతని కేంద్రం కట్టిన ధర, 2004 దాకా 95 పైసలు. తర్వాత 2 రూపాయలు, 4, 6 అయి, 2017లో 8 రూపాయలయింది. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పోపు, గ్యాసు అన్నీ మారాయి, ఫోన్లు రెండుసార్లు మారాయి. 8 రూపాయలు మాత్రం ఏళ్ళ తరబడి అట్లాగే కూచుంది. రాష్ట్రాలు సొంత డబ్బు కలిపితేనే గుడ్డు గిన్నెలోకి వస్తోంది. కొట్లో గుడ్డు ధరెంతో అడిగి రండి. ఆ 8 రూపాయల సంగతి తేల్చాక, కావాలంటే నా ముఖం కూడా ఫోటో తీసుకోండి, కళ్ళార్పమంటే ఆర్పుతాను.