ర్యాంకుల కోచ్

ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌కెళ్లినా మనవాళ్లకి కూకట్‌పల్లి వాసన పోలేదు. పిల్లాడికి పాడెల్ (అద్దాల గోడల మధ్య ఆడే టెన్నిస్‌లాంటి ఆట) కోచ్ కావాలట. తండ్రిగారి మొదటి ప్రశ్న: "మీ దగ్గర ఎంతమందికి ర్యాంకులొచ్చాయండీ?" రెండోది: "ఇద్దరు పిల్లలైతే ఫీజు తగ్గిస్తారా?" కోచ్ మనవాడేనా కాదా అన్నది వాట్సాప్‌లో ముందే తేల్చేసుకున్నారు లెండి!

కోచ్‌లూ తక్కువేం తినలేదు. నిన్నటిదాకా టెన్నిస్ గురువు. తీగల్లేని చిల్లుల బ్యాటు చేతికి రాగానే పాడెల్ గురువు. సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు ఆయన్ని 20 మీటర్ల కోర్టు చివర నిలబెట్టండి. లోతుగా పడ్డ బంతి వెనక అద్దానికి తగిలి తిరిగొచ్చేదాకా ఆగాడా, పనికొస్తాడు. కంగారుపడి ముందే బాదేశాడా, నెత్తిమీంచి సర్వీసు వెయ్యమన్నాడా, దండం పెట్టి వచ్చేయండి. పాడెల్‌లో సర్వీసు నడుం ఎత్తు దాటకూడదు మరి.

ఏదేమైనా, పది క్లాసుల ప్యాకేజీకి కార్డు గీకేముందు ఒక్క క్లాసుకి డబ్బులిచ్చి చూడండి బాబూ!