రెండో తరగతి నాన్నగారు

ఈయన వయసు నలభైకి అటూ ఇటూ ఉంటుంది. సొంతూరు భీమవరం పక్కనో, తెనాలి పక్కనో, కరీంనగర్ అవతలో. ఉద్యోగం నోయిడా సెక్టార్ 62లో కంప్యూటరు ముందో, సెంట్రల్ సెక్రటేరియట్‌లో ఫైళ్ల వెనకో. చదువు బీటెక్కు, ఆపైన ఎంబీయే. ప్రస్తుతం రెండో తరగతి చదువుతున్నారు. బడికి వెళ్లేది మాత్రం కూతురు.

ఢిల్లీ, నోయిడా, గాజియాబాద్, గురుగ్రామ్, ఎక్కడైనా సరే తెలుగువాళ్లు పదిమంది కూడితే వాళ్లలో ఒకరు ఈయనే. పోల్చుకోవడం తేలిక. మెట్రోలో ఫోను చూసుకుంటూ ఉన్నట్టుండి ‘‘అయ్యో, రేపు ఎల్లో డే!’’ అని, ఆఫీసుకు ఇంకా నాలుగు స్టేషన్లుండగానే పసుపు రంగు టీషర్టు కోసం రాజీవ్ చౌక్‌లో దిగిపోయే మనిషి ఎవరైనా కనిపిస్తే పలకరించండి. తెలుగులోనే బదులిస్తారు.

ఈయన విద్యాభ్యాసం పాపకు నాలుగేళ్లు నిండకముందే మొదలైంది. ఢిల్లీ ప్రైవేటు బడుల్లో నర్సరీ సీటుకు నూరు పాయింట్ల లెక్క ఉంది. ఇల్లు దగ్గరైతే ఇన్ని, అన్నో అక్కో అదే బడిలో ఉంటే ఇన్ని, తల్లిదండ్రులు అక్కడే చదువుకుని ఉంటే ఇన్ని. లెక్క సమానమైతే చీటీలు తీస్తారు. ఏటా చలికాలంలో జరిగే తతంగమిది. 2025-26 సంవత్సరానికైతే 2024 నవంబరు 28న దరఖాస్తులు మొదలై డిసెంబరు 20న ముగిశాయి, మొదటి జాబితా జనవరి 17న వచ్చింది. మన నాన్నగారు చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో కాబట్టి పూర్వవిద్యార్థి పాయింట్లు సున్నా. పాప మొదటి సంతానం కాబట్టి అక్క పాయింట్లూ సున్నా. ఇక మిగిలింది దూరం. ఫోన్లో పటం తెరిచి గుమ్మం నుంచి బడి గేటు దాకా గీత గీసి చూసుకున్నారు. గీత పొడుగైంది. ఇల్లు మారారు.

ఈ ఊళ్లో తెలుగు నేర్పే బడి లేదా అని ఊరినుంచి వచ్చిన చుట్టాలు అడిగితే ఈయన ఛాతీ ఉబ్బుతుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లోనే ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారనీ, ఐటీఓ దగ్గర, ప్రసాద్ నగర్‌లో, జనక్‌పురిలో, పుష్ప విహార్‌లో దాని బడులున్నాయనీ, ఆవిడ పేరు మీద పింక్ లైన్‌లో ఒక మెట్రో స్టేషనే ఉందనీ గడగడా చెబుతారు. ‘‘మరి పాపను అక్కడ వేశావా?’’ అంటే కాస్త తగ్గి, పాయింట్లు, దూరం, బస్సు రూటు అంటూ మొదలుపెడతారు. చుట్టాలు ఆంధ్రా భవన్ భోజనానికి వేళవుతోందని లేస్తారు.

చదువంతా సాగేది వాట్సాప్‌లోనే. తరగతికి గ్రూపులు రెండు. ఒకదాంట్లో టీచరు ఉంటారు, అక్కడ అందరూ దండాల బొమ్మలు పెడతారు. రెండోదాంట్లో టీచరు ఉండరు, అక్కడ మనసులో మాటలు పెడతారు. రాత్రి పదీ నలభైకి ఎవరో తల్లి ‘‘రేపు ఆకుపచ్చ చార్టు తేవాలట, నిజమేనా?’’ అని ఒక్క ముక్క వదులుతుంది. పదకొండుకల్లా కాలనీ స్టేషనరీ కొట్టు షట్టరు మళ్లీ సగం లేస్తుంది. లోపల నలుగురు నాన్నలు. ఆఖరి ఆకుపచ్చ చార్టు చుట్ట ఈయన చంకలో ఉంటుంది. తెల్లారాక తెలుస్తుంది, చార్టు అడిగింది 2-సి వాళ్లని.

పాఠాల సంగతికొస్తే, ఎన్‌సీఈఆర్‌టీ 2023లో ఒకటి, రెండు తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. హిందీ పుస్తకం ‘సారంగి’, ఇంగ్లిష్ పుస్తకం ‘మృదంగ్’, లెక్కల పుస్తకం ‘జాయ్‌ఫుల్ మ్యాథమెటిక్స్’. పేర్లు బాగున్నాయనే ఈయన అభిప్రాయం. వాయించేది ఎవరిని అన్నదే ఆయన సందేహం.

లెక్కలూ ఇంగ్లిషూ ఎలాగో గట్టెక్కినా హిందీ దగ్గర మాత్రం బండి ఆగుతుంది. కుర్చీకీ బల్లకీ కూడా ఆడా మగా ఉండే భాష అది. ఒక సాయంత్రం పెరుగు దగ్గర పేచీ వచ్చింది. పుస్తకం ప్రకారం పెరుగు పుంలింగం, అంటే ‘దహీ ఖట్టా’. నాన్నగారికి నమ్మకం కుదరక, కిందికి దిగి పాల బూత్ ఆయన్ని అడిగారు. పాతికేళ్లుగా పెరుగే అమ్ముతున్న ఆ పెద్దమనిషి ‘‘హా జీ, దహీ థోడీ ఖట్టీ హై’’ అని స్త్రీలింగంలో తేల్చేశాడు. ఈయన విజయగర్వంతో పైకొచ్చి పుస్తకం తప్పన్నారు. పాప రబ్బరు పక్కనపెట్టి, ‘‘నాన్నా, పరీక్ష రాసేది బూత్ అంకుల్ కాదు’’ అంది.

గురుగ్రామ్ శాఖ నాన్నగారికి ఇంకో బెడద ఉంది. కేంద్రం వారి ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ కార్యక్రమంలో రాష్ట్రాలకు జతలు కట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ దొరికింది, తెలంగాణకు హర్యానా. కాబట్టి గురుగ్రామ్ బడిలో అసెంబ్లీకి తెలంగాణ అంశం కావాలంటే టీచరు చూపు గ్రూపులోని ఏకైక తెలుగు పేరు మీద వాలుతుంది. భీమవరం ఆయన బతుకమ్మ పేర్చాలి! ‘‘మేడమ్, మాది ఆంధ్రా’’ అంటే, ‘‘హా హా, వహీ తో’’ అంటారావిడ. 2014 విభజన వార్త ఆ అసెంబ్లీ దాకా ఇంకా చేరలేదు. తంగేడు, గునుగు దొరకవు కనుక బంతిపూలతో, యూట్యూబ్ చూసి, రాత్రి రెండింటి దాకా ఇత్తడి పళ్లెంలో పేర్చారు. పక్క ఫ్లాటు వరంగల్ ఆవిడ వచ్చి చూసి, కాసేపు మాట్లాడలేదు. ‘‘అన్నా, పక్కకు జరుగున్రి’’ అని మాత్రం అంది.

అయినా ఈయన ప్రతిభ పూర్తిగా బయటపడేది ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ నాడే. ఇంట్లో పారేసే వస్తువుతో ఢిల్లీ కట్టడం ఒకటి చేసుకురమ్మన్నారు. ఈయన కుతుబ్ మీనార్ ఎంచుకున్నారు. ఎత్తు 72.5 మీటర్లు, అంతస్తులు ఐదు, అడుగున వ్యాసం 14.3 మీటర్లు, కొసన 2.75. రెండు వందల్లో ఒకటో వంతు కొలత వేస్తే ఎత్తు 36 సెంటీమీటర్ల పైచిలుకు, మొదలు ఏడు, కొస ఒకటిన్నర లోపు. అడుగుభాగానికి చిప్స్ డబ్బా సరిపోతుంది. కానీ ఇంట్లో ఖాళీ డబ్బా లేదు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లో రెండు నిండు డబ్బాలు తెప్పించి, వాటిని పారేసే వస్తువులుగా మార్చడానికి అర్ధరాత్రి కూర్చుని తిన్నారు. గ్లూ గన్ను ఒకసారి చార్టుకూ, రెండుసార్లు వేళ్లకూ అంటుకుంది. బాల్కనీల కింద చెక్కడాలు జెల్ పెన్నుతో దింపుతుండగా పాప కళ్లు నులుముకుంటూ వచ్చి, ‘‘నాన్నా, టీచర్ ఏదో ఒకటి అంటించమన్నారంతే’’ అని చెప్పి మళ్లీ పడుకుంది. మర్నాడు మీనార్‌కు ఒక నక్షత్రం వచ్చింది. వంకర అట్టగొట్టం మీద ‘ఇండియా గేట్’ అని రాసుకొచ్చిన కుర్రాడికి రెండొచ్చాయి. ఆ విషయమై నాన్నగారు రెండో గ్రూపులో చర్చ పెట్టారు.

నవంబరు వచ్చేసరికి ఈయనకు వాతావరణ శాస్త్రం కూడా వంటబడుతుంది. గాలి నాణ్యత సూచీ 400 దాటితే కాలుష్య నియంత్రణ ప్రణాళికలో మూడో దశ, 450 దాటితే నాలుగో దశ అని నిద్రలో లేపినా చెబుతారు. 2024 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడే, ఢిల్లీ ప్రాథమిక తరగతులు ఆన్‌లైన్‌కు మారుతున్నాయని అప్పటి ముఖ్యమంత్రి ఆతిశీ ప్రకటించారు. నాలుగు రోజులు తిరక్కుండానే నాలుగో దశ వచ్చి పెద్ద తరగతులనూ ఇంట్లో కూర్చోబెట్టింది. కూర్చున్నది పిల్లలే అనుకుంటే పొరపాటు. ల్యాప్‌టాప్ ముందు పాప, బల్ల కింద నాన్న. టీచరు ఎక్కం అడిగితే కిందినుంచి గుసగుసగా జవాబు పైకి వస్తుంది. ‘‘బేటా, పాపాజీ కో బోలియే వో మ్యూట్ హో జాయే’’ అని టీచరమ్మ చెప్పిన నాడు తరగతి మొత్తం నవ్వింది. అందులో ఏడెనిమిది నవ్వులు మగగొంతులవి, అవీ బల్లల కిందినుంచే వచ్చాయి.

టిఫిను డబ్బా మరో పాఠ్యాంశం. 2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నిటిలో చక్కెర బోర్డులు పెట్టమంది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు తీసుకునే కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తోందనీ, అది ఐదు దాటకూడదనీ ఆ ఉత్తర్వు సారాంశం. నాన్నగారు వెంటనే ఫ్రిజ్ తలుపు మీద ఇంటి బోర్డు ఒకటి అంటించారు. ఊరినుంచి వచ్చిన నాయనమ్మ అది చదివించుకుని విని, ‘‘సున్నుండలో నేను వేసింది బెల్లం కదరా’’ అని రెండు డబ్బాలో సర్దింది. ఉత్తర్వులో సున్నుండల ప్రస్తావన లేదని ఈయన కూడా ఒప్పుకున్నారు.

ఆ ఇంట్లో వంట చేసే ఆవిడ కొడుకు దగ్గర్లోని సర్వోదయ ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జూలైలో, దలైలామా చేతుల మీదుగా ‘హ్యాపీనెస్ కరికులం’ ప్రారంభమైందని నాన్నగారు ఎక్కడో చదివారు. ఆ క్లాసులో ఏం చేసేవారని వాడిని అడిగితే ‘‘కళ్లు మూసుకుని చప్పుళ్లు వినేవాళ్లం, తర్వాత కథ’’ అన్నాడు. ఆ ఆదివారం ఈయనా ప్రయత్నించారు. మొదటి నిమిషంలోనే రెండు చప్పుళ్లు వినిపించాయి. రెండూ వాట్సాప్‌వే.

ఇంత శ్రద్ధ గల మనిషికి 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం తెలియదని కాదు. ఒకటి, రెండు తరగతుల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోల మధ్య ఉండాలని అందులో ఉంది. విమానం లగేజీ తూచే కొక్కెం త్రాసుతో ఈయన ప్రతి సోమవారం పాప సంచిని తూస్తారు. అయితే త్రాసు పట్టుకున్న తొందరలో ఆ పత్రంలో మిగతా పేజీలు చదవలేదు. రెండో తరగతి దాకా పిల్లలకు హోంవర్కే ఇవ్వకూడదనీ, దానికి బదులు సాయంత్రం ఎలా గడిపారో, ఏ ఆటలాడారో, ఏం తిన్నారో క్లాసులో వాళ్ల చేత చెప్పించాలనీ అందులోనే రాసి ఉంది. మూడు నుంచి ఐదో తరగతి దాకానైతే వారానికి రెండు గంటలకు మించకూడదట. కుతుబ్ మీనార్ మొదటి అంతస్తుకే ఈయనకు అంతకంటే ఎక్కువ పట్టింది.

కాబట్టి ఎన్‌సీఆర్‌లోని ఇలాంటి నాన్నగార్లందరికీ ఒక విన్నపం. గాలి బాగున్న సాయంత్రాలు ఈ ఊళ్లో తక్కువ. అలాంటిది ఒకటి దొరికితే పిల్లను కింద పార్కులోకి వదలండి, రేపు టీచరు అడిగితే చెప్పడానికి ఏదైనా ఉండాలి కదా. ఆ గ్లూ గన్ను ప్లగ్గు కూడా తీసేయండి, మళ్లీ వేళ్లు కాలతాయి.