షుగరొచ్చిన ఇంట్లో వినకూడని సలహాలు

షుగరని రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే సలహాలు మొదలవుతాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు పది కోట్లకు పైనే. కాబట్టి అనుభవం చెప్పేవాళ్లకు కొదవలేదు. వాళ్లంతా మన మేలు కోరేవాళ్లే, అందుకే కాదనడం కష్టం. అయినా కొన్నింటిని కాదనక తప్పదు.

"మాత్రలు మొదలుపెట్టకు, ఇక జన్మంతా వదలవు." అన్నింటిలోకి చేటైన మాట ఇదే. టైప్ 2 షుగరులో ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. ఏళ్లు గడిచేకొద్దీ క్లోమంలో అది తయారవడమూ తగ్గుతుంది. మాత్ర ఎక్కువకాలం కావలసొస్తే కారణం జబ్బే గానీ, మాత్ర చేసిన అలవాటు కాదు. చాలామందికి మొదట రాసే మెట్‌ఫార్మిన్ 1957 నుంచీ షుగరు వైద్యంలో ఉంది. అది కడుపులో తిప్పితే భోజనంతోపాటు వేసుకోండి, డాక్టరుకు చెప్పండి. అంతేగానీ మీ అంతట మీరు మానేయొద్దు. షుగరు పెరిగినా చాలాకాలం నొప్పి తెలియదు. బాగానే ఉన్నాననుకుంటుండగానే కంట్లో రెటీనా, కిడ్నీలు, పాదాల్లో నరాలు దెబ్బతింటుంటాయి. జబ్బు కొత్తలో గట్టిగా బరువు తగ్గిన కొందరికి మందుల్లేకుండానే అదుపులోకి వస్తుంది, నిజమే. ఆ సంగతి హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష చూసి డాక్టరు తేల్చాలి. గత రెండు మూడు నెలల సగటు అందులో కనిపిస్తుంది.

"పంచదార మానేసి బెల్లం వాడుకో." బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే. తేనె, తాటిబెల్లం కూడా షుగరును పెంచేవే. బెల్లంతో చేసిన బొబ్బట్టును మందుగా తినకండి. తినాలనిపిస్తే పండగనాడు ఒక ముక్క, మిఠాయి అని తెలిసే తినండి.

"అన్నం మానేసి చపాతీ తిను." ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. వంద గ్రాముల బియ్యంలోనూ, గోధుమపిండిలోనూ పిండిపదార్థం ఇంచుమించు 65 నుంచి 80 గ్రాముల మధ్యే ఉంటుంది. ముడి గోధుమల్లో పీచు ఎక్కువన్నది నిజమే గానీ, నాలుగు చపాతీలు లాగించాక ఆ లాభం మిగలదు. అసలు చిక్కు మనం వడ్డించుకునే తీరులో ఉంది. పప్పులోకి కొంత అన్నం, కూరలోకి కొంత, చారులోకి మళ్లీ, పెరుగులోకి మరో పిడికెడు. ఏ వడ్డనా ఎక్కువనిపించదు, మొత్తం మాత్రం కొండంత అవుతుంది. అన్నం ఒక్కసారే పెట్టించుకోండి. దాన్నే అన్నింటికీ పంచుకోండి. కంచంలో సగం బీరకాయో, దొండకాయో, తోటకూరో ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు, చేప. మిగిలిన పావే అన్నం. బంగాళదుంప, చేమదుంప వండిన రోజు వాటినీ అన్నం లెక్కలోనే వేయండి. ముందు కూర కొంత తిని తర్వాత అన్నం కలుపుకోండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి.

రాగిజావ ఎంతైనా తాగొచ్చనే మాటా అలాంటిదే. మెత్తటి పిండిని పల్చగా కాచి తాగితే త్వరగా అరిగి రక్తంలోకి చేరుతుంది. ఇంట్లో గ్లూకోమీటరుంటే తాగడానికి ముందు, తాగిన రెండు గంటలకు చూసుకోండి, మీ ఒంటి సంగతి మీకే తెలుస్తుంది. కాకరకాయ కూర హాయిగా తినండి, కాకర రసం మాత్రం మందు బదులు కాదు.

చేతులు వణికి, చెమటలు పడుతుంటే "ఇప్పుడు తీపి ముట్టుకోకు" అనేవాళ్ల మాట అసలు వినొద్దు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగరు 70కన్నా కిందికి పడిపోవచ్చు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఉపవాసం ఉండదలచుకుంటే ముందుగా డాక్టరును అడగండి.

చెప్పుల్లేకుండా కంకరమీద నడిస్తే షుగరు దిగుతుందని కొందరంటారు. స్పర్శ తగ్గిన పాదానికి గుచ్చుకున్నదీ తెలియదు, కాలిందీ తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి.

చివరిది ఇంట్లోవాళ్ల కోసం. "నీకు వేరే వండుకో" అనకండి, ముఖ్యంగా షుగరు ఇల్లాలికే వస్తే. అందరికీ వండాక తనకంటూ మరో వంట ఏ ఆడమనిషీ ఎక్కువ రోజులు చేసుకోదు. ఆవిడ తినాల్సిందే అందరూ తినండి. రాత్రి గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక ఆవిడే తినేస్తుంది. రేపటి నుంచి ఎసట్లో ఒక గ్లాసు బియ్యం తగ్గించి పోయమనండి.