హైతీ కథలు చెప్పేవాళ్లు వినకూడని ఆరు సలహాలు

హైతీ జానపద కథలు, పొడుపు కథలు పిల్లలకు చెప్పాలనుకునే టీచర్లకు, తల్లిదండ్రులకు సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. తరచూ వినిపించే ఆరు సలహాలు ఇక్కడ రాస్తున్నాను, పాటించవద్దని చెప్పడానికే. ఆరింటిలోనూ లోపం ఒకటే: కథలో పిల్లల వంతును పెద్దలు లాగేసుకోవడం. హైతీలో కథ చెప్పేవాళ్లది ఎంతో, వినేవాళ్లదీ అంతే.

1. "పిల్లలందరూ నోరు మూసుకుని కూర్చున్నాకే మొదలుపెట్టండి."

హైతీ పల్లెల్లో పొద్దుగూకి, పనులన్నీ అయ్యాక జనం ఒకచోట చేరతారు. చెప్పడానికి కథ ఉన్న మనిషి "క్రిక్?" అని కేకేస్తాడు. వినాలని ఉన్నవాళ్లు "క్రాక్!" అని బదులిస్తారు. బదులు రాకపోతే కథ లేదు. ఇంకొకరు తమ కథతో ముందుకొస్తారు. ఎవరి నోట వినాలో తేల్చేది వినేవాళ్లే. మన ఇళ్లలో ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే కథ మధ్యలో ఆగిపోతుంది, అక్కడ అసలు మొదలే కాదు. మీరు "క్రిక్?" అంటే తరగతి గది దద్దరిల్లేలా "క్రాక్!" రావాలి. నీరసంగా వస్తే మళ్లీ అడగండి.

2. "మధ్యలో వచ్చే పాటలు వదిలేయండి, టైమ్ చాలదు."

డయాన్ వోక్‌స్టీన్ హైతీలో తిరిగి కథలు సేకరించి 1978లో 'ది మ్యాజిక్ ఆరెంజ్ ట్రీ' అనే సంకలనం వేశారు. పుస్తకానికి పేరిచ్చిన కథలో సవతి తల్లి తిండి పెట్టక మాడ్చిన పిల్ల, ఆకలికి ఆగలేక బల్ల మీది నారింజ పళ్లు తినేస్తుంది. భయంతో తల్లి సమాధి దగ్గరికి పారిపోతుంది. తెల్లారి లేచేసరికి పావడాలోంచి ఒక గింజ నేల మీద పడుతుంది. పిల్ల పాడితే మొలక ఎదుగుతుంది, మళ్లీ పాడితే కొమ్మలేస్తుంది, పూస్తుంది, కాస్తుంది. ఆశపడి చెట్టెక్కిన సవతి తల్లి సంగతి తేల్చేదీ పాటే. ఇందులోంచి పాట తీసేస్తే ఇక మిగిలేదేముంది? హైతీ కథల్లో పాట వచ్చినప్పుడు వినేవాళ్లంతా గొంతు కలుపుతారు. మీకు రాగం రాకపోయినా ఫరవాలేదు, పల్లవి ఒకటి కట్టి పిల్లలకు ముందే నేర్పండి. చెట్టును పెంచే పని వాళ్లకు వదిలేయండి.

3. "చివర్లో నీతి చెప్పాలి."

హైతీ పిల్లలందరికీ తెలిసిన జంట బూకి, టీ మలీస్. బూకి తిండిపోతు, అమాయకుడు. మలీస్ గడుసుపిండం. ఒకసారి బూకి సంతలో ఒక ముసలాయన ఏదో కమ్మగా తింటుంటే చూసి, అదేమిటని అడుగుతాడు. సరిగ్గా అప్పుడే ముసలాయన మిరపకాయ కొరికి "ఉయ్ ఆయ్!" అని అరుస్తాడు. ఆ తిండి పేరే అది కాబోలు అనుకుని బూకి సంతంతా "ఉయ్ ఆయ్ ఉందా?" అని తిరుగుతాడు. మలీస్ ఒక సంచిలో పళ్లూ వాటి మధ్య ముళ్ల కాక్టస్ ముక్కా పెట్టి ఇస్తాడు. బూకి చెయ్యి పెట్టి ఒక్కోటీ తీస్తూ "ఇది కాదు" అంటాడు. ముల్లు గుచ్చుకోగానే వాడి నోట ఏమొస్తుందో పిల్లలే అరుస్తారు. ఆ అరుపుతో కథ పూర్తయింది. "తెలియనిది కొనకూడదు" అని మీరు తగిలిస్తే పిల్లల నవ్వు అక్కడికక్కడే ఆగిపోతుంది. మలీస్ మోసగాడా, తెలివైనవాడా అన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోనివ్వండి.

4. "హైతీ అంటే తెలియదు కదా, భూకంపంతో పరిచయం చేయండి."

2010 జనవరి 12 నాటి భూకంపం మహా విషాదం. దాన్ని దాచమని కాదు. కానీ దాంతో మొదలుపెడితే పిల్లలు జాలితో వింటారు, జాలిపడుతూ బూకిని చూసి నవ్వలేరు. బానిసత్వాన్ని తెంచుకుని, నెపోలియన్ సేనను ఓడించి, 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న జనం వీళ్లని చెప్పండి. సెనెగల్ కథల్లో బూకి హైనా. హైతీలో హైనాలు లేవు, అక్కడ వాడు మనిషయ్యాడు. ఆఫ్రికా నుంచి ఓడల్లో గొలుసులతో తెచ్చిన మనుషుల వెంట కథలూ సముద్రం దాటాయి. హైతీ మానవశాస్త్రవేత్త సుజాన్ కోమ్‌హేర్-సిల్వాన్ 1930ల్లోనే ఈ కథల ఆఫ్రికా మూలాలను వెతికారు. పరిచయానికి ఇంతకంటే ఏం కావాలి?

5. "క్రియోల్ మాటలు పిల్లలకు కష్టం, తీసేయండి."

క్రిక్, క్రాక్ పలకలేని పిల్లలుంటారా? ఈ కథలు పుట్టి పెరిగింది హైతీ జనం మాట్లాడే క్రియోల్‌లో. హైతీ బడుల్లో మాత్రం చాలాకాలం ఫ్రెంచిదే పెత్తనం. 1979 విద్యా సంస్కరణతో క్రియోల్ తరగతి గదిలోకి వచ్చింది, 1987 రాజ్యాంగంలో ఫ్రెంచితో పాటు అధికార భాషయింది. మయామిలోనో, మాంట్రియాల్‌లోనో మీ తరగతిలో హైతీ పిల్ల ఉంటే ఆ మాటలు ఎలా పలకాలో ఆమెనే నేర్పమనండి. ఆ పూట టీచరు ఆమే.

6. "పొడుపు కథ అడిగి, తెలియకపోతే జవాబు చెప్పేయండి."

అన్నిటికంటే చెడ్డ సలహా ఇది. హైతీలో అడిగేవాళ్లు "టిమ్ టిమ్?" అంటారు, అవతలివాళ్లు "బ్వా షెష్!" అంటారు. అప్పుడే పొడుపు కథ పడుతుంది. విప్పలేనివాళ్లు "మ్ బ్వె ప్వా" అని తామే ఓటమి ఒప్పుకోవాలి. ఆ మాట వాళ్ల నోట వచ్చేదాకా మీరు జవాబు చెప్పకూడదు.

మొదటి రోజుకు మూడు చాలు: నిలబడ్డ నీళ్లు, పడుకున్న నీళ్లు, వేలాడే నీళ్లు. జవాబులు చెరకు, పుచ్చకాయ, కొబ్బరికాయ. మూడూ తెలుగు పిల్లలు రోజూ చూసేవే, విప్పడానికి పెద్దల సాయం అక్కర్లేదు. కాస్త పెద్ద పిల్లలైతే చెరకు దగ్గర ఆగండి. ఫ్రెంచివాళ్ల చక్కెర తోటల్లో ఆ మొక్క కోసమే లక్షలమందిని బానిసలుగా తెచ్చారు. వాళ్ల సంతతి దాన్నే పిల్లల ఆటలో ఒక ప్రశ్నగా మార్చుకుంది.

తర్వాత నీళ్లున్న వస్తువులు ఇంకేమున్నాయో వెతికి కొత్తవి కట్టమనండి. వాళ్లలో ఒకరు మీకు చేతకానిది వేసి, మీచేత "మ్ బ్వె ప్వా" అనిపించేదాకా ఆ ఆట ఆపకండి.